‘మన తీరంలో మొదటిసారి’ అనే ముందు

(విశాఖపట్నంలో తీరప్రాంత జీవుల మీద ఆసక్తి ఉన్నవారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చోండి, పరవాలేదు. తెర మీద చూపించే జీవులు చిన్నవి, అంత దూరం నుంచి ఆనవు.

ఈమధ్య మన ఊళ్ళో ఒక మంచి అలవాటు వచ్చింది. పాటు తీసిన వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని రాళ్ళున్న చోట్లకి వెళ్తున్నారు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం, రుషికొండ, మంగమారిపేట, ఇటు యారాడ. రాళ్ళ సందుల్లో మిగిలిపోయిన నీటి గుంటల్లో ఏమున్నాయో వంగి చూస్తున్నారు, ఫోన్లో ఫోటోలు తీస్తున్నారు. ఆ ఫోటోలు కొన్ని నా దాకా వస్తాయి. వచ్చిన ప్రతిదాని కిందా ఒకటే ప్రశ్న. "సార్, ఇది మన తీరంలో మొదటిసారేనా?" పక్కనే రెండు ఆశ్చర్యార్థకాలు. (నవ్వులు)

ఆ ప్రశ్నకి జవాబెలా వెతకాలన్నదే ఇవాళ నా మాట. ఉదాహరణకి సీ స్లగ్‌లనే తీసుకుంటాను. ఎందుకంటే "మొదటిసారి" అన్న మాట వీటి విషయంలో పడినంత సులువుగా ఇంక దేని విషయంలోనూ పడదు. దాన్ని నిలబెట్టడం కూడా వీటి దగ్గర అంత కష్టమే.

సీ స్లగ్ అంటే నత్తే. గుడ్డు లోంచి వచ్చేటప్పుడు చాలావాటికి బుల్లి గుల్ల ఉంటుంది. కొన్నాళ్ళు నీళ్ళలో తేలుతూ తిరిగి, తనకి కావలసిన తిండి దొరికిన చోట దిగి, గుల్ల వదిలేస్తుంది. ఇక జీవితమంతా ఒళ్ళు బయటే. మరి చేపలు ఎందుకు తినేయవు అంటారా? ఎక్కువగా అప్పు తెచ్చుకున్న ఆయుధాలతో బతుకుతాయి. స్పాంజిలు తినే రకాలు స్పాంజిలోని విషాన్ని తమ చర్మంలో దాచుకుంటాయి. ఏయోలిడ్లని ఇంకో రకం ఉన్నాయి, వీపు నిండా పోగులుంటాయి వాటికి. అవి కుట్టే జీవుల్ని తింటాయి. తిన్నవాటి కుట్టు కణాల్ని కొన్నిటిని పేలనివ్వకుండా మింగి, ఆ పోగుల కొసల్లోకి చేర్చి పెట్టుకుంటాయి. నీలి డ్రాగన్ అని 2023 డిసెంబరులో తుపాను తర్వాత చెన్నై బీచిలో పడ్డాయే, అవి ఈ బాపతే. ఎవరూ చేత్తో తీయొద్దన్నది అందుకే. ఎలీషియా అనే రకం నాచు పీల్చి, అందులో ఎండతో ఆహారం తయారుచేసే పచ్చ రేణువుల్ని కూడా ఒంట్లో దాచుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇందులో చాలా రకాలకి తిండి దగ్గర పట్టింపు ఎక్కువ. ఒక స్పాంజి తినేది పక్క స్పాంజిని ముట్టదు. కాబట్టి మీరు ఫోటో పంపేటప్పుడు అది దేని మీద కూర్చుని ఉందో కూడా ఫోటో తీయండి. అందరూ జంతువు మొహం మీదే జూమ్ చేసి పంపిస్తారు. నాకు దాని కంచం కూడా కావాలి.

సరే, మన తీరానికి వద్దాం. విశాఖ సీ స్లగ్‌ల గురించి రాసిన వ్రాతలు ఎప్పటినుంచి ఉన్నాయనుకుంటున్నారు? ముప్పై ఏళ్ళా? యాభయ్యా? 1864 నుంచి.

వాల్టర్ ఇలియట్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. అమరావతి స్తూపం శిల్పాలు తవ్వించి మద్రాసు పంపించిన ఇలియట్. ఆ శిల్పాలు తర్వాత లండన్ చేరాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఆయన పేరుతోనే పిలిచేవారు. ఆయన 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకి కమిషనరు. వాల్తేరులో ఉండేవాడు. నాణేలు, శాసనాలు, పక్షులు, చేపలు, దేన్నీ వదల్లేదు. మొక్కలకి మనవాళ్ళు వాడే తెలుగు పేర్లు పోగుచేసి 1859లో పెద్ద జాబితా అచ్చువేయించాడు. అదే మనిషి ఈ తీరంలో సీ స్లగ్‌లు కూడా ఏరించాడు. ఏరించి, సారాలో వేసి ఊరుకోలేదు. బతికుండగానే స్థానిక చిత్రకారుడి చేత రంగుల్లో బొమ్మలు వేయించాడు.

ఆ తెలివి చిన్నది కాదండీ. సీ స్లగ్‌ని సారాలో వేశారనుకోండి, కొద్ది రోజుల్లో రంగంతా పోతుంది. ఎరుపు, పసుపు, నీలం అన్నీ పోయి పాలిపోయిన తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దని చూసి ఇది ఫలానా అని చెప్పడం పెద్ద పండితులకి కూడా కష్టమే. ఇలియట్ బొమ్మలూ సీసాలూ రెండూ ఇంగ్లండులో న్యూకాసిల్‌కి చెందిన జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ అనే ఇద్దరి చేతిలో పడ్డాయి. నత్తల్లో ఈ శాఖకి అప్పట్లో వాళ్ళని మించినవాళ్ళు లేరు. 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికలో వాళ్ళు ఆ సేకరణ మొత్తం వివరిస్తూ వ్యాసం వేశారు. కొత్త జాతులు, కొత్త ప్రజాతులు, అంటే దగ్గరి జాతుల గుంపులు కూడా అందులో ఉన్నాయి.

అందులో ఒక ప్రజాతికి వాళ్ళు పెట్టిన పేరు కళింగ. అవును, మన కళింగే. కళింగ ఆర్నాటా. పలచటి తెల్లని ఒళ్ళు, దాని మీద ఎర్రటి బుడిపెలు, అరచేతిలో సగం మించి పెరుగుతుంది. ఇసుక నేల మీద తిరుగుతుంది కాబట్టి రాళ్ళ గుంటల్లో కనిపించదు. లాగుడు వలలో చెత్తతో పాటు పైకొచ్చినప్పుడు చూడాలంతే. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి జపాన్ దాకా ఎక్కడ దొరికినా దాన్ని కళింగ అనే రాయాలి. ఈ సంగతి మన స్కూలు పిల్లలకి ఎవరూ చెప్పరు, నాకు అదొక బాధ.

ఇప్పుడు అసలు మాట. విశాఖ ఓడరేవు తెరిచింది 1933లో. ఇలియట్ సేకరణ దానికి ఎనభై ఏళ్ళ ముందుది. పెద్ద ఓడలు ఇక్కడ రేవులోకి రాకముందు, వాటి నీళ్ళ ట్యాంకుల్లో వచ్చినవి లేకముందు ఈ రాళ్ళ మీద ఏముండేవో చెప్పే సాక్ష్యం మన దగ్గరుంది. మన దేశంలో ఎన్ని తీరాలకి ఇలాంటి పాత లెక్క దొరుకుతుంది? అలాంటప్పుడు 1864 జాబితా తిరగేయకుండా విశాఖలో మొదటిసారి అని ప్రకటించడం ఎలా ఉంటుంది చెప్పండి. పైగా ఆ పేర్లలో చాలా మటుకు తర్వాత మారిపోయాయి. పాత పేరు పట్టుకుని ఇప్పటి పేరుకి, ఇప్పటి పేరు పట్టుకుని పాత పేరుకి వెళ్ళాలి. విసుగు పుట్టించే పని. ఆ విసుగు పడకపోతే మన పూర్వీకులు ఎప్పుడో చూసినదాన్ని మనం మళ్ళీ కనిపెట్టినట్టవుతుంది.

దీనికొక మంచి కథ ఉంది. ఆ వ్యాసంలోనే ఇంకో జీవి ఉంది, మెలిబీ ఫింబ్రియాటా అని పేరు పెట్టారు. సీ స్లగ్‌లలో నాకిష్టమైనవి మెలిబీలు. అందంగా ఉంటుందని కాదు, నిజం చెప్పాలంటే అంద వికారంగా ఉంటుంది. గోధుమరంగు, ఆకుపచ్చ కలిసిన ఒళ్ళు, వీపుకి అటూ ఇటూ ఉబ్బిన తమ్మెలు. ముట్టుకుంటే ఆ తమ్మెలు ఊడి చేతిలోకొస్తాయి, అది తప్పించుకుపోతుంది. మామూలుగా ఈ జీవులకి నాలుక మీద పళ్ళ వరస ఉంటుంది, దీనికి అదీ లేదు. మరి తినడమెలా? తల ముందు పెద్ద ముసుగు ఉంటుంది, అంచు చుట్టూ సన్నని పోగులు. మనవాళ్ళు విసురువల విసరడం చూశారు కదా, వల విచ్చుకుని పడటం, అంచు చుట్టూ నేలకి కరుచుకోవడం, ఆపైన దగ్గరికి లాగడం. ఇదీ అచ్చం అంతే. ముసుగు విప్పి నేల మీద పరుస్తుంది. చిన్న రొయ్య పిల్ల లోపల తగిలిందా, అంచు పోగులు ఒకదాంట్లోకొకటి దూరి బిగుసుకుంటాయి. నెమ్మదిగా లోపలికి పిండుకుంటుంది. రొయ్య బయటికి రావడానికి సందు ఉండదు. మళ్ళీ విప్పుతుంది, మళ్ళీ పరుస్తుంది. నీళ్ళ అడుగున ఒక మెలిబీ ఇలా విసురుకుంటూ పోవడం చూస్తే టైము తెలీదు.

ఈ మెలిబీ గ్రీసు దేశంలో ప్రత్యక్షమైంది. మధ్యధరా సముద్రంలో అంతకు ముందు ఇది లేదు. 1984లో ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రీసు పడమటి తీరంలో ఆస్టకోస్ అనే చోట దొరికినదాన్ని వివరించి, ఇది హిందూ మహాసముద్రపు జీవి, ఇక్కడికి చొరబడింది అని రాశారు. ఏ పేరుతో గుర్తించారు? ఇలియట్ సేకరణ నుంచి పెట్టిన పేరుతోనే, మెలిబీ ఫింబ్రియాటా అని. మన బంగాళాఖాతపు కాగితం లేకపోతే అక్కడ దానికి చిరునామా దొరికేది కాదు.

కథ అక్కడితో అయిపోలేదు. 1986లో ఇంకొకాయన రాశాడు, ఆ పక్కనే కెఫలోనియా దీవి దగ్గర ఈ జీవి 1970లోనే కనిపించిందని. అంటే ముందు చూసినది వెనక అచ్చయింది, వెనక చూసినది ముందు అచ్చయింది. "మొదటిసారి" ఎవరిది? జీవి వచ్చిన సంవత్సరం ఒకటి, మనిషి కంట పడిన సంవత్సరం ఒకటి, కాగితం మీదకెక్కిన సంవత్సరం మరొకటి. మూడూ కలిపేసి ఒకే తేదీ చెప్పేవాళ్ళని నమ్మకండి. మీరు నమోదు రాసేటప్పుడు చూసిన తేదీ తప్పకుండా వేయండి. అచ్చయిన తేదీ పత్రిక వేసుకుంటుంది.

తర్వాత ఇటలీ, క్రొయేషియా, మాల్టా, టర్కీ, ఇలా ఒక్కో తీరం నుంచి "మా దగ్గరా కనిపించింది" అని రాస్తూ వచ్చారు. ఒక్కొక్కటీ చిన్న కాగితం, రెండు మూడు పేజీలు. అవన్నీ పక్కపక్కన పెడితే ఆ జీవి నడిచిన దారి తెలుస్తుంది. సూయజ్ కాలువలోంచి ఈదుకుంటూ వచ్చి ఉంటే ముందు ఈజిప్టు, ఇజ్రాయెల్ వైపు కనిపించాలి. కానీ ముందు కనిపించింది అంత దూరాన పడమటి గ్రీసులో. అందుకే ఓడల మీద అనుమానం పెట్టుకున్నారు. ఓడలు బరువు సరిచూసుకోవడానికి ట్యాంకుల్లో సముద్రపు నీళ్ళు నింపుకుంటాయి, ఇంకో రేవులో వదిలేస్తాయి. ఆ నీళ్ళతో పాటు పిల్లలూ పోతాయి. ఈ నీళ్ళ మీద అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి, 2017 సెప్టెంబరులో గాని అమల్లోకి రాలేదు.

ఇంకో మలుపు. ఫింబ్రియాటా అన్న పేరు ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. ఇలియట్ సేకరణ అచ్చవడానికి ఆరేళ్ళ ముందే, 1858లో, సిలోనులో కెలార్ట్ అనే డాక్టరు ట్రింకోమలీ దగ్గర జీవుల్ని వర్ణిస్తూ ఒకదానికి విరిడిస్ అని పేరు పెట్టాడు. తర్వాత పరిశీలిస్తే రెండూ ఒకటే. నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. కాబట్టి మనది పోయింది, సిలోను పేరు నిలిచింది. (నవ్వులు) ఈ రోజు మధ్యధరా రికార్డుల కోసం మెలిబీ విరిడిస్ అని వెతికితే సగమే దొరుకుతాయి. మిగతా సగం పాత పేరు కింద దాక్కుని ఉంటాయి.

సరే, మన గుంటలో మనకో కొత్తది దొరికింది. అది కొత్తగా వచ్చిందా, లేక ఎప్పుడూ ఉన్నదేనా? ఇది తేల్చడం అన్నిటికన్నా కష్టం. దీఘా తెలుసుగా, బెంగాల్లో, సెలవు రోజున కాలు పెట్టడానికి చోటుండదు. ఆ దీఘా, దాన్నానుకున్న ఒడిశా ఉదయ్‌పూర్ బీచి, ఈ రెండు చోట్ల ఇసుకలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు శాస్త్రానికే కొత్తదైన ఒక స్లగ్‌ని కనుక్కున్నారు. 2024లో ప్రకటించారు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి పేరు మీద మెలనోక్లామిస్ ద్రౌపది అని పెట్టారు. ఏడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. నలుపు కలిసిన గోధుమరంగు, వెనక భాగాన కెంపురంగు మచ్చ. తలకి డాలు ఉంటుంది, దాంతో తడి ఇసుకని తొలుచుకుంటూ పోతుంది. అది మొన్న వచ్చింది కాదు కదా. లక్షల మంది దాని మీదుగా నడిచారు. చూసే కళ్ళు ఆలస్యంగా వచ్చాయి, అంతే.

అందుకే నేను ఎవరికైనా ఇదే చెబుతాను. మన తీరం నుంచి తొలి నమోదు అని రాయండి, మన తీరానికి కొత్తగా వచ్చింది అని రాయకండి. మొదటిది పుస్తకాల గురించి చెప్పే మాట, పుస్తకాలు వెతికితే రుజువు చేయొచ్చు. రెండోది సముద్రం గురించి చెప్పే మాట. దానికి ఓడల లెక్క, ప్రవాహాల లెక్క, పక్క తీరాల నమోదులు, ఏళ్ళ తరబడి అదే చోట చూసిన రికార్డు, ఇవన్నీ కావాలి. ప్రవాహాలంటే మనకి సంవత్సరమంతా ఒకే వైపు కాదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో తీరం వెంట నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. వేసవిలో దొరికిన పిల్ల తమిళనాడు వైపు నుంచి వచ్చి ఉండొచ్చు, దీపావళి తర్వాత దొరికింది ఒడిశా నుంచి. అందుకని నెల రాయడం మర్చిపోకండి.

మాటవరసకి చెప్పాను గానీ, గుంటల్లో చూడటానికి కూడా ఆ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ కాలమే మంచిది. అమావాస్యకీ పౌర్ణమికీ పాటు బాగా తీస్తుందని మీకు తెలుసు. విశాఖలో ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరున్నర. దానికి తోడు మార్చి ప్రాంతంలో సముద్ర మట్టమే సంవత్సరంలోకెల్లా కిందకి ఉంటుంది, అక్టోబరు, నవంబరుల్లో పైకి వస్తుంది. ఆ తేడా జానెడుకి పైనే. మార్చి అమావాస్యకి బయటపడే రాళ్ళు కార్తీక పౌర్ణమికి బయటపడవు.

ఇప్పుడు రాళ్ళ దగ్గర ఏం చేయాలో చెబుతాను. ముందు అది సీ స్లగ్ అవునో కాదో. కాగితంలా పలచగా ఉండి, అంచులు అలల్లా కదుపుతూ పోతుంటే చాలా వరకు అది చదును పురుగు. స్లగ్‌కి తల మీద రెండు కొమ్ములుంటాయి, వాసన పట్టేవి, సాధారణంగా వాటి మీద గీతలు గీతలుగా మడతలుంటాయి. చాలా రకాలకి వెనక వైపు వీపు మీద పువ్వులా విచ్చుకున్న మొప్పలుంటాయి. నీటి బయట రాయి మీద పాకుతూ, బురదరంగులో గరుకుగా ఉంటే అది ఒంకిడియం. అది వేరే శాఖ, గాలి పీలుస్తుంది.

అవుననుకున్నాక, మొప్పల దగ్గర నీళ్ళని వేలితో మెల్లగా కదపండి. కొన్ని రకాల్లో మొప్పలు పూర్తిగా లోపలి సంచీలోకి ముడుచుకుపోయి, వీపు నున్నగా అయిపోతుంది. కొన్నిటిలో కుంచించుకుంటాయి గానీ లోపలికి పోవు. ఈ ఒక్క తేడాతో మీ పుస్తకంలో సగం పేజీలు పక్కన పెట్టేయొచ్చు. అది చూసి రాసుకోండి. తర్వాత ఫోటోలు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కొమ్ములు ఒకటి, అంచు ఒకటి. వీలైతే నల్లటి ప్లాస్టిక్ పళ్ళెంలో సముద్రపు నీళ్ళు పోసి, పక్కన స్కేలు పెట్టి తీయండి. దగ్గర్లో రాయికి చుట్టలా అంటుకున్న గుడ్ల రిబ్బను ఉంటే దాన్నీ తీయండి. అది గుడ్లు పెడుతోందంటే ఏదో ఒకటి దారి తప్పి వచ్చింది కాదని కొంత నమ్మకం కుదురుతుంది. తీశాక తిప్పిన ప్రతి రాయినీ ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. కింది వైపు పైకి పెట్టి వదిలేస్తే దాని మీద బతికేదంతా ఎండకి చస్తుంది.

ఫోటోతో చాలా సంగతులు తేలతాయి, అన్నీ తేలవు. రంగు చూడగానే పోలికలు కుదిరిపోతాయి, కోసి చూస్తే నాలుక పళ్ళు వేరుగా ఉంటాయి, లేకపోతే జన్యువు వేరుగా ఉంటుంది. అందుకే పత్రికలు నమూనా అడుగుతాయి. అది మీ పని కాదు, మ్యూజియం వాళ్ళతోనో యూనివర్సిటీ వాళ్ళతోనో కలిసి, అనుమతులు చూసుకుని చేసే పని. జంతువుని ముందు మత్తులోకి దింపాలి, లేకపోతే ముడుచుకుపోయి ఏ భాగమూ కనిపించదు. జన్యువు కోసం ఒక చిన్న ముక్క ఎక్కువ గాఢత ఉన్న ఇథనాల్‌లో, శరీర నిర్మాణం చూడటానికైతే ఫార్మలిన్‌లో. తర్వాత సీ ఓ ఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్క చదివి ప్రపంచంలో మిగతా చోట్లవాటితో పోల్చుతారు. నమూనాకి మ్యూజియంలో ఒక నంబరు పడుతుంది. ఆ నంబరే మీ మాటకి ప్రాణం. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి, వీళ్ళు పొరబడ్డారేమో అని సీసా తెరిచి చూసుకోవచ్చు. శాస్త్రానికే కొత్త జాతి అయితే నమూనా ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో పెట్టి తీరాలని 2002 జీవవైవిధ్య చట్టమే చెబుతోంది.

పగడాలు, సముద్ర దోసకాయలు, సీ హార్సులు వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి, వాటి మీద చెయ్యి వేయకండి. ఫోటో చాలు.

ఇక మీ ప్రశ్నలు. ఆ అమ్మాయి చెయ్యెత్తింది, అడుగమ్మా.

(ప్రశ్న: ఇంట్లో అక్వేరియంలో పెంచవచ్చా?)

వద్దమ్మా. ఇందాక కంచం సంగతి చెప్పాను కదా. అది తినే స్పాంజి నీ తొట్టెలో ఉండదు. నీకు బతికున్నట్టే కనిపిస్తుంది, రోజురోజుకీ చిన్నదవుతుంది, పది పదిహేను రోజులకి చచ్చిపోతుంది. విషమున్న రకమైతే తొట్టెలో చేపల్ని కూడా తీసుకుపోతుంది.

(ప్రశ్న: మా నాన్న వలలో వచ్చింది సార్. నేను ఫోటో తీశాను. కాగితం మీద ఎవరి పేరు వస్తుంది?)

మంచి ప్రశ్న. దొరికింది మీ నాన్నగారి వలలో. కాబట్టి ఎక్కడ వల వేశారు, ఎన్ని బారల లోతు, అడుగు ఇసకా బురదా రాయా, ఏ వల, ఏ తేదీ, ఇవన్నీ ఆయన చెప్పగలిగినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. లోతు, అడుగు రాయని నమోదు సగం నమోదే. రాసేవాళ్ళ వరసలో నీ పేరు ఉండాలా లేదా అన్నది నువ్వు ఎంత పని చేశావన్న దాన్ని బట్టి ఉంటుంది, ముందే మాట్లాడుకో. మీ నాన్నగారి పేరు మాత్రం, ఆయన ఒప్పుకుంటే, నమూనా సేకరించినవారు అన్న గడిలో ఉండాలి. మ్యూజియం చీటీ మీద కూడా ఆ గడి ఉంటుంది. అక్కడ "స్థానిక మత్స్యకారుడు" అని రాసి వదిలేస్తామంటే ఒప్పుకోకు. పేరు రాయమను. ఆ ఫోటో ఉందా ఇప్పుడు నీ దగ్గర? పట్రా, చూద్దాం.